ఖరగ్‌పూర్ వెళ్లొచ్చిన సిమెంటు రాయి

మా ఊరి గ్రంథాలయంలో దినపత్రికల బల్లకు ఎదురుగా ఒక గాజు బీరువా ఉంది. అందులో కొన్ని కుండపెంకులు, ఏడు పూసలు, శంఖంతో చేసిన చేతిగాజు ముక్క ఒకటి, పిడికిట్లో పట్టేంత నూరుడురాయి ఒకటి ఉన్నాయి. నీళ్ల ట్యాంకు పునాదికి ఊరి చివర దిబ్బ తవ్వినప్పుడు బయటపడ్డవి. అధికారులు వచ్చి చూసి, మంచివి పట్టుకెళ్లి, మిగిలినవి ఊళ్లోనే ఉంచుకోమన్నారు. పదకొండేళ్లుగా వాటి దుమ్ము దులిపేదాన్ని నేనే. జీతం లేదు, అడగలేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసి జీడిపప్పు ఏరడానికి వెళ్లినదాన్ని. నాకున్న చదువంతా ఆ పత్రికల బల్ల మీద వచ్చిందే. తవ్వకాల మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను, కొన్ని రెండోసారి కూడా చదివాను.

ఆ బీరువాకు ఒకటో తారీకు గండం వచ్చింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం కొత్త పుస్తకాల రాక్ వేయాలి, బీరువా తీస్తేనే దానికి చోటు. గ్రంథాలయం కార్యదర్శి గారికి ఊళ్లో రైసుమిల్లు ఉంది. మనిషి చెడ్డవారు కారు, లెక్క ప్రకారం మాట్లాడేవారు.

"ఎవరిక్కావాలమ్మా ఆ రాళ్లు?" అన్నారు. "ఒక్కడైనా దాని ముందు ఆగినట్టు నాను సూడలేదు. ఒకటో తారీకు మీటింగు. ఈలోగా ఆగేలా చేసినావా, ఉంచుతాను. లేదంటే సామాన్ల గదిలో పెట్టించెస్తాను."

సామాన్ల గదిలోకి వెళ్లినవి తిరిగి రావడం నేను చూడలేదు. అందుకే ఖరగ్‌పూర్ బయలుదేరాను.

ఎందుకు ఖరగ్‌పూరే

వేసవిలో ప్రణవి అనే అమ్మాయి మా దిబ్బను, మా బీరువాను ఫొటోలు తీసుకోవడానికి వచ్చింది. సొంతూరు జగిత్యాల. ఖరగ్‌పూర్‌లో పెద్ద ఇంజనీరింగు సంస్థలో పరిశోధన చేస్తోంది. వీడియో గేముల్లోనూ మ్యూజియముల్లోనూ జనానికి ఏదో ఒకటి అనిపించేలా చేస్తే పాతకాలం సంగతులు వాళ్ల మనసుకు పడతాయా అన్నది ఆమె చదువు. మా దిబ్బ మీదే ఒక ఆట తయారు చేస్తోంది.

"మనిషికి లోపల ఏదన్న అనిపిస్తెనే ఆగుతడు ఆంటీ. లేకుంటె బోర్డు చదివి పోతడు, అంతే" అంది వెళ్లేటప్పుడు.

ఆ మాట పట్టుకుని నేను రెండు పేజీల కథ రాసి పంపాను. వరదలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ నూరుడురాయిని గుండెకు హత్తుకుని ఏడ్చే కథ. రాస్తూ నేనే కళ్లు తుడుచుకున్నాను. ప్రణవి దాన్ని ఆటలో పెట్టింది. కిందటి నెల ఫోన్ చేసి, "తొలిసారి ఆడించి చూస్తున్నం ఆంటీ, మీరు రావాలె. రాయి నమూనా ఏమన్న ఉంటె తెండి" అంది.

అసలు రాయిని ఊరు దాటించే హక్కు నాకు లేదు. వినాయకుడి బొమ్మలు చేసే సత్యం చేత సిమెంటుతో నకలు పోయించాను. "పైన ఈ గుంటలేటక్కా, పూడ్చెయ్యనా?" అని అడిగాడు. నకలు ఉన్నదున్నట్టు ఉండాలని నేను చదివాను. వద్దన్నాను. ఈ ప్రయాణంలో నేను చేసిన మంచి పని అదొక్కటేనని తరువాత తెలిసింది.

స్టేషన్లో

పొద్దున్న పలాసలో ఎక్కితే సాయంత్రానికి ఖరగ్‌పూర్. ఆ ప్లాట్‌ఫారం పొడుగు గురించి ఎక్కడో చదివాను కానీ కాళ్లతో చదవడం వేరు. బయటికి వచ్చే దారిలో నా సంచీ ఒరిగిన తీరు చూసి ఒక రైల్వే పోలీసు ఆపాడు. తీసి చూపించమన్నాడు. చూపించాను.

"యే క్యా హై, మా జీ?" ఇదేంటమ్మా అని.

"పత్థర్" అన్నాను. అబద్ధం చెప్పినట్టవుతుందేమోనని, "నకలీ పత్థర్" అని సరిదిద్దాను.

అతను పక్కనున్నతన్ని పిలిచాడు. "సోనా నకలీ దేఖా, నోట్ నకలీ దేఖా. నకలీ పత్థర్ పహలీ బార్." దొంగ బంగారం, దొంగ నోట్లు చూశాడట, దొంగ రాయిని చూడడం ఇదే మొదటిసారట. ఇద్దరూ రాయిని చేతులు మార్చుకుని చూసి, నవ్వి, పొమ్మన్నారు.

బయట పది రూపాయలకు మట్టికప్పులో టీ ఇచ్చారు. మా వైపు గాజు గ్లాసు కడిగి మళ్లీ ఇస్తారు. ఇక్కడ తాగి పారేయడమే. బుట్ట పొంగి నేల మీద కూడా పెంకులు. వెయ్యేళ్ల తరువాత ఎవరైనా ఇక్కడ తవ్వితే ఇన్ని చిన్న కప్పులు ఒక్కచోట ఎందుకున్నాయని బుర్ర బద్దలుకొట్టుకుంటారు. ఏదో పూజ అని రాస్తారు. నా కప్పు కడిగి సంచీలో వేసుకున్నాను.

ఝపటాపూర్‌లో అల్లం టీ

మా నాన్నగారి పినతండ్రి కొడుకు సింహాచలం చిన్నాన్న ఖరగ్‌పూర్లోనే ఝపటాపూర్‌లో ఉంటాడు. తాత, తండ్రి, తను, ముగ్గురూ రైల్వే వర్కుషాపులోనే. ఫిట్టరుగా రిటైరయ్యాడు. పుట్టింది అక్కడే అయినా మాట మాత్రం శ్రీకాకుళం దాటలేదు.

"ఓలమ్మా, ఊర్నించి మావిడికాయలు తెస్తారు, జీడిపప్పు తెస్తారు. నువ్వేటి, రాయి మోసుకొచ్చినావు?" అన్నాడు సంచీ అందుకుంటూ.

"జీడిపప్పు కూడా తెచ్చాను చిన్నాన్నా."

"అలాగైతే రా."

పిన్ని వంటింట్లో ఒక కొయ్యపిడితో అల్లం దంచుతోంది. పని చేసి చేసి నల్లగా మెరుస్తున్న పిడి. అది ఆకురాయి పిడి. ఇనుమును రాకే ఆకురాయిని వర్కుషాపులో ఫైలు అంటారు. రిటైరైన రోజు ఇనుము అక్కడ అప్పగించి, కొయ్యపిడి మాత్రం అడిగి తెచ్చుకున్నాడట.

"ముప్పై ఏళ్ల సర్వీసుకి ఇది తెచ్చి నా సేతిలో పెట్టినారు" అంది పిన్ని. "మెడల్లాగా గోడకి తగిలిస్తానన్నారు. నాను అల్లానికి పెట్టినాను."

పిడి అడిగి పట్టుకున్నాను. చేతిలో కుదరలేదు. బొటనవేలికి చోటే దొరకలేదు. చిన్నాన్న నవ్వాడు. "నాది పుర్రసెయ్యమ్మా. ఎడంసేత్తో పట్టు."

మార్చి పట్టుకుంటే చెయ్యి దానంతటదే సర్దుకుంది. పనిలో చేరిన కొత్తలో మేస్త్రీ అతన్ని బెంచీకి కుడివైపు నిలబెట్టి, ఎడంచెయ్యి లేస్తే తిట్టేవాడట. మిగిలినవాళ్ల ఫైళ్లు ఒక్కటీ అతని చేతికి నప్పలేదట. పిడి మీద చెయ్యేస్తే చాలు, అది ఎవరిదో వర్కుషాపులో అందరికీ తెలిసేదట. ఒకరి పిడి మరొకరు ముట్టుకునేవారు కాదట. కబుర్ల కింద విన్నాను. నోట్‌బుక్‌లో రాసుకోలేదు.

రాత్రి భోజనంలో ఆవముద్ద పెట్టి వండిన చేప, గసగసాలు నూరిపోసిన బంగాళాదుంప కూర. మన గసగసాలు పండగనాడు చిటికెడు పడతాయి. అక్కడ కూరకు గుప్పెడు. అంతా తిన్నాక పిన్ని చిన్న గిన్నెలో చింతపండు చారు తెచ్చి పెట్టింది. "ఇది లేకపోతే మీ చిన్నాన్నకి అన్నం తిన్నట్టుండదు" అంది.

హిజ్లీ

మర్నాడు టోటోలో, అంటే బ్యాటరీ ఆటోలో, హిజ్లీ వెళ్లాను. స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్లను బంధించిన శిబిరం ఒకప్పుడు అక్కడ ఉండేది. ఆ ఆవరణే ఇప్పుడు పెద్ద చదువుల చోటు. పిల్లలు సైకిళ్ల మీద గుంపులుగా పోతుంటారు. పాత కట్టడంలో కొంత భాగాన్ని చూడడానికి ఉంచారు.

ఫొటోలు, కాగితాలు, బోర్డులు అన్నీ చదివాను. అక్షరం వదల్లేదు, అది నా అలవాటు. నా వెనక వచ్చిన కుటుంబం మాత్రం వాటిని దాటుకుంటూ నడిచింది. మా బీరువా గతే అనుకున్నాను. కానీ మందపాటి గోడల ఇరుకు గది ఒకటి వచ్చేసరికి వాళ్లలో పెద్దాయన లోపలికెళ్లి చేతులు చాచి చూశాడు. రెండు చేతులూ పూర్తిగా చాచేంత వెడల్పు లేదు. చాచిన చేతులు అలాగే కాసేపు ఉంచి, బయటికి వచ్చాడు. భార్య వెళ్లింది. ఆమె కూడా చేతులు చాచింది.

అక్కడ పాట లేదు. ఏడవమని ఎవరూ చెప్పలేదు. ఇది నోట్‌బుక్‌లో రాసుకున్నాను గానీ, అప్పటికి దాని అర్థం నాకు పూర్తిగా పట్టలేదు.

మధ్యాహ్నం ప్రేమ్ బజార్‌లో ప్రణవి కలిసింది. జిరాక్సు షాపులు, గదులు అద్దెకిచ్చే బోర్డులు, తినే బళ్లు, అన్నీ పిల్లల చుట్టూ తిరిగే బజారు. ఒక బండివాడు మరమరాల్లో వేడి ఆలూ బోండా చిదిపి, ఆవనూనె, పచ్చిమిరప వేసి పొట్లం ఇరవై అయిదుకి ఇచ్చాడు. మన బొరుగుల మిక్చరుకు చుట్టమే, కానీ ఆ ఆవనూనె ఘాటు ముక్కులోంచి వచ్చి కళ్లల్లో తేలింది.

"రేపు మీ తల్లి సీన్ చూసి అందరు ఇట్లనే ఏడుస్తరు ఆంటీ" అంది ప్రణవి, నా కళ్లు చూసి.

"ఏడిస్తే చాలు. నాకు ఒకటో తారీకు దాకే ఉంది" అన్నాను. ఆ కథనే పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి బీరువా మీద అంటించాలని నా పథకం. ప్రింటు ఎంతవుతుందో అక్కడే ఒక షాపులో అడిగి పెట్టుకున్నాను కూడా.

తల్లి ఏడ్చిన చోట

మూడోరోజు ఆట. చిన్నాన్న నా వెంట వచ్చాడు. "ఆ కాంపస్‌లో నువ్వు తప్పిపోతే మీ పిన్ని నన్ను బతకనివ్వదు" అన్నాడు.

ఒక గదిలో ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిదిమంది పిల్లలు. ముందు బల్ల మీద నా సిమెంటు రాయి పెట్టారు. మా దిబ్బ తెర మీద ఎంత బాగుందో చెప్పలేను. తాటిచెట్లు, దూరంగా కొండ, వాన. దిబ్బ తవ్వుతూ పోతే కుండలు బయటపడతాయి. చివరకు రాయి దొరుకుతుంది. దొరకగానే వయొలిన్, వరద, తల్లి. నా తల్లి. నేను రాసిన మాటలు ఇంగ్లీషులో చెబుతూ ఏడుస్తోంది.

మొదటి కుర్రాడు స్కిప్ నొక్కాడు. రెండో అమ్మాయి కాసేపు చూసి తనూ నొక్కింది. మూడో కుర్రాడికి పక్కవాడు చెప్పాడు, "యే రోనా ధోనా స్కిప్ కర్, ఆగే కుదాయీ హై." ఈ ఏడుపు దాటేయ్, ముందు తవ్వకం ఉంది అని. ఎనిమిదిమందిలో ఒక్కరు కూడా నా తల్లిని చివరిదాకా ఏడవనివ్వలేదు.

ప్రణవి ముఖం చిన్నబోయింది. నా సంగతి చెప్పక్కర్లేదు. మూడు వందల మైళ్లకు పైగా వచ్చాను, మా ఊరి జనం ఏం చేస్తారో ఇక్కడే చూసేశాను. అయినా ఒట్టి చేతులతో వెళ్లదలచుకోలేదు. "ఎందుకు దాటేశావు బాబూ?" అని ఆ మూడో కుర్రాణ్ణి ప్రణవి చేత అడిగించాను.

అతను ఇబ్బంది పడ్డాడు. అయినా నిజం చెప్పాడు. "మీరు నన్ను ఏడిపించాలని చూస్తున్నారని ముందే తెలిసిపోయింది. ఆమె నిజంగా ఉందో లేదో కూడా తెలీదు కదా" అన్నాడు హిందీలో. నాకు కోపం వచ్చింది. అది సరైన మాట కాబట్టి వచ్చింది.

అప్పుడు వెనక నుంచి చిన్నాన్న గొంతు. "ఇదెవలిది?"

ఆటలు పట్టని మనిషి, విసుగెత్తి సిమెంటు రాయి తీసి చేతిలో తిప్పుకుంటున్నాడు.

"మా బీరువాలోది చిన్నాన్నా. నకలు."

"అది తెలుసు. మనిషెవలని అడుగుతున్నాను. ఈ మనిషిది పుర్రసెయ్యి."

ప్రణవి లేచి వచ్చింది. "మీకెట్ల తెలుసు అంకుల్?"

"తెర మీద రాయిని బోర్లా పెట్టినారు మీరు. ఆ నున్నటిది అడుగమ్మా, ముఖం కాదు. అది నూరే పక్క." రాయిని తిప్పి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు వంగి సూడు. అడుగు ఒక కొస ఎక్కువ అరిగింది. ముందుకి తోసే కొసే ఎక్కువ అరుగుతాది. ఆ కొస ముందుకి పెట్టు. పైన గుంటలున్నాయి కదా, పెద్దగుంట ఏ పక్కుంది?"

"కుడిపక్క."

"అది బొటనేలిది. బొటనేలు కుడిపక్క పడేది ఏ సేతికి?"

ప్రణవి తన ఎడమచెయ్యి రాయి మీద పెట్టింది. వేళ్లు ఒక్కొక్కటీ వెళ్లి కూర్చున్నాయి.

పదకొండేళ్లుగా నేను ఆ రాయిని మెరిసే పక్క పైకి పెట్టి చూపిస్తున్నాను. గుంటలున్న పక్క గుడ్డ మీదికి దించి దాచాను. నా రిజిస్టరులో నా చేతిరాతతోనే ఉంది, 'అడుగుభాగంలో దెబ్బలు, కొంత పాడైంది' అని. ప్రణవి నా మాట నమ్మి ఆటలో కూడా బోర్లా పెట్టింది.

"మగవాడా, ఆడదా అంకుల్?" అంది ప్రణవి.

"అది రాయి సెప్పదు. సెయ్యి సంగతే సెప్తాది."

రాయి చేతులు మారింది. ఆట ఆపి ఒక్కొక్కరూ లేచి వచ్చారు. ఇందాక ఏడుపు దాటేసిన కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకుని రెండు చేతులతో అందుకున్నాడు. కుడిచేత్తో పట్టి, కుదరక, ఎడమకు మార్చి, అలాగే ఉండిపోయాడు. చివర్న ఒక బెంగాలీ అమ్మాయి ముందే ఎడమచెయ్యి చాచింది. "ఆమిఓ" అంది చిన్నగా, నేనూ అంతే అని. ఆమె రాయిని తిరిగి ఇవ్వడానికి అందరికంటే ఎక్కువసేపు పట్టింది.

"ఏటలా సూస్తావు ఈశ్వరమ్మా?" అన్నాడు చిన్నాన్న. "నువ్వన్ని పుస్తకాలు సదివినావు. ఆటిల్లో ఇది రాయలేదేటి?"

"రాయలేదు చిన్నాన్నా. ఇవాళ రాస్తాను."

ఇంటికి వెళ్లే దారిలో తల్లి కథ గురించే ఆలోచించాను. నాకు ఆమె మీద ప్రేమ ఉంది. కానీ ఆమె నా ఊహలో పుట్టిన మనిషి. రాయి వాడిన మనిషి వేరు, ఆ మనిషి చెయ్యి మాత్రమే మనకు దొరికింది. దొరికిన చెయ్యి పక్కన పెట్టి లేని కన్నీళ్లు తెచ్చాను. ఆ రాత్రే రెండు పేజీలూ మడిచి పిన్నికి ఇచ్చేశాను. పొద్దున్న పొయ్యి దగ్గర అల్లం తొక్కలు వాటి మీదే కనిపించాయి.

రైలెక్కే ముందు ప్రణవి స్టేషనుకు వచ్చి లాప్‌టాప్‌లో కొత్తది చూపించింది. తల్లి లేదు, వయొలిన్ లేదు. రాయి ఉంది, ఎలా పట్టుకోవాలో చెప్పలేదు. ఎడంచేతికి వచ్చేలా పట్టుకుంటేనే నూరే చప్పుడు మొదలవుతుంది. "ఇంక చాన పనుంది" అంది. ఎంతుందో ఆమె ముఖమే చెబుతోంది. దిగులు మాత్రం లేదు.

ఒకటో తారీకు

వచ్చిన మర్నాడే బీరువా తెరిచి రాయిని సరిగా పెట్టాను. రిజిస్టరులో పాత వాక్యం కొట్టేసి, పక్కన తప్పు నాదేనని రాసి సంతకం చేశాను. బీరువా ముందు స్టూలు వేసి, దాని మీద సిమెంటు రాయి, అట్ట మీద ఒక్క వాక్యం: 'ఇది అప్పట్లో ఒకరు చేత్తో పట్టుకున్న రాయికి నకలు, మీరూ పట్టుకుని చూడండి.' రెండు పేజీలు రాయగలిగినదాన్ని ఒక వాక్యం దగ్గర ఆగడానికి నాకు నాలుగు అట్టలు పట్టాయి.

మీటింగు రోజు కార్యదర్శి గారు పత్రికల బల్ల దాటి వచ్చి అట్ట చదివారు. కుడిచెయ్యి రాయి మీద వేశారు. కదిపారు. ఎలా పట్టుకోవాలో చెప్పేద్దామని నా నాలుక దాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆయన చేతి వాచీ వెనక్కి తోసుకుని ఎడమచెయ్యి పెట్టారు.

లోపల కుర్చీలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. సభ్యులొకరు వచ్చి పిలిచారు. ఆయన చెయ్యి తీయలేదు.

"ఎవరిదమ్మా ఈ రాయి?"

"తెలీదండి. ఎడంచేతివాటం మనిషని మాత్రం తెలుసు."

"పేరూ అదీ తెలుసుకునే వీల్లేదా?"

"లేదండి."

ఆయన, పిలవడానికి వచ్చిన సభ్యుడి వైపు తిరిగి, "టేపు పట్రండి" అన్నారు. "ఆ పరీక్షల పుస్తకాల రాక్ కిటికీ పక్కన పడతాదేమో కొలిసి సూద్దాం."